పొంగిన పిండి

శనివారం సాయంత్రానికి కుట్టాల్సినవి ఇంకా ఎనిమిది సంచులు మిగిలాయి. అగ్గిపెట్టెంత సంచీ, మూతి దగ్గర చిన్న మడత, మడతలోంచి ఎర్ర రిబ్బను. సోమవారం జరిగే పాటల, పద్యాల పండుగ ఐస్టెద్వోద్‌లో పాటో పద్యమో నెగ్గిన పిల్లల మెడలో ప్రైజును ఇలాంటి సంచీలో వేసి దండలా తగిలిస్తారు. ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా పొయ్యి పైన మేకుకి ఇవి రెండు మూడు వేలాడుతుంటాయి. ఈ ఏడు కుట్టే వంతు కొండ మీది పెన్రాల్ట్ ఇంటివాళ్ళది, అంటే నెస్టాది.

లోపలి గదిలో డిలిస్ దగ్గింది.

నెస్టా చేతిలో సూది ఆగిపోయింది. రెండో దగ్గు ఉందేమోనని ఊపిరి బిగబట్టి చెవి పెట్టింది. రాలేదు. అయినా లేచింది. కిటికీ దగ్గర వెలుతురులో పిల్లని నిలబెట్టి, చెంచా కాడతో నాలుక అదిమి, గొంతులోకి చూసింది. ఎర్రగా, తడిగా, శుభ్రంగా ఉంది. తెల్లపొర లేదు.

"ఇంకోసారి ఆ అను."

"అన్నా కదమ్మా."

"ఇంకోసారి."

ఇద్వాల్ తలుపు తోసుకుని వచ్చాడు. కొండ మీద కూలిన రాతిగోడ మళ్ళీ పేర్చి వచ్చాడేమో, వేళ్ళ కొసలు చెక్కుకుపోయి ఉన్నాయి. భార్య చేతిలో చెంచా చూసి, బూట్లు విప్పడానికి వంగాడు.

"మళ్ళీ చూశావా?"

"చూశా."

"రోజూ దాని నోట్లో చెంచా కాడ దూరిస్తే, అది పెద్దయ్యాక గంజి కూడా వేళ్ళతోనే తాగుతుంది."

"తాగనీ. పెద్దయితే చాలు."

ఇద్వాల్ రెండో బూటు విప్పాడు. ఆ మాట వెనకాల ఏముందో ఇద్దరికీ తెలుసు. రెండు శీతాకాలాల కిందట ఇదే కిటికీ దగ్గర ఇలాగే చూస్తే పెద్ద కొడుకు గొంతులో తెల్లపొర కనిపించింది. కంఠసర్పి. నాలుగు రోజులు. ఆ తరువాత ఆ ఇంట్లో ఆ పిల్లాడి పేరు ఎవరూ పలకలేదు. పలకొద్దని ఎవరూ అనలేదు కూడా.

"ఈసారి పద్యానికిచ్చే కుర్చీ ఎవరిదంటావ్?" అన్నాడు, మాట మార్చడానికి.

"నాకేం తెలుసు."

"ఇంకెవరిది, బెబ్ మేష్టారిదే. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ కుర్చీలూ ఆయనింట్లోనే ఉన్నాయి. కూర్చోడానికి మనుషులే చాలట్లేదు పాపం."

నెస్టా నవ్వి, రిబ్బను పంటితో తెంపింది. బుగ్గలు వెచ్చబడ్డాయి. ఈస్టరుకు ముందు సంతకు వెళ్ళినప్పుడు, ఎనిమిది మైళ్ళ అవతలి పోస్టాఫీసులో తను ఒక కవరు వేసిన సంగతి ఇద్వాల్‌కి తెలియదు. ఊరి డబ్బాలో వేస్తే ఊరి ముద్ర పడుతుంది, పండుగ సెక్రటరీ పోల్చుకుంటాడు. పెద్ద కవరులో పద్యం, దాని మీద మారుపేరు, 'తుంగపోచ'. లోపల అంటించిన చిన్న కవరు, పైన అదే మారుపేరు, లోపలి చీటీలో అసలు పేరు. నెగ్గిన కవరు ఒక్కటే తెరుస్తారు. ఓడినవాళ్ళు ఎవరో దేవుడికి తప్ప తెలియకూడదని కట్టుబాటు.

ఈ ఏడు కుర్చీకి ఇచ్చిన విషయం 'పొయ్యి'. పదమూడేళ్ళకే బడి మానిపించి బెబ్ మేష్టారింట్లో పనికి పెట్టినప్పుడు, సాయంత్రాలు ఆయన పెద్దవాళ్ళకి ఛందస్సు చెబుతుంటే, నెస్టా బొగ్గుల బక్కెట పట్టుకుని తలుపు పక్కన నిలబడి వినేది. బొగ్గులు వెయ్యడానికి ఎందుకంత సేపు పడుతోందని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

"కుర్చీ నీకే వచ్చిందనుకో, ఎక్కడ వేస్తాం?" అన్నాడు ఇద్వాల్ ఉన్నట్టుండి.

నెస్టా వేలికి సూది గుచ్చుకుంది. "నాకా?"

"ఊరికే అన్నాలే. సంచులు కుట్టినవాళ్ళకి కుర్చీ ఎవడిస్తాడు."

సోమవారం వాన. పెంతెకొస్తు సోమవారం వాన పడకపోతేనే వింత. ప్రార్థన మందిరం నిండిపోయింది. తడి ఉన్ని కోట్లు, కర్పూరం, పిప్పరమెంటు బిళ్ళలు, అన్నీ కలిసిన వాసన. మగవాళ్ళు వెనక తలుపు దగ్గరా పై మేడలోనూ, ఆడవాళ్ళు పిల్లలతో ముందు బల్లల మీద. నెస్టా మూడో వరసలో కాత్రిన్ పిన్ని పక్కన కూర్చుంది. ఆ ఊళ్ళో పురుడు పొయ్యాలన్నా, పోయినవాళ్ళకి స్నానం చేయించాలన్నా కాత్రిన్ పిన్నే రావాలి.

అయిదేళ్ళ లోపు పిల్లల పద్యాల్లో డిలిస్ పేరు పిలిచారు. పిల్ల వేదిక మీద, గౌను అంచు రెండు చేతులా పట్టుకుని, గొర్రెపిల్లకి టోపీ కొన్న ముసలమ్మ మీద పద్యం మొదలుపెట్టింది. కింద నెస్టా పెదాలు కదులుతున్నాయి. పిల్ల ఆగినచోట ఆగాయి, ఊపిరి పీల్చినచోట పీల్చాయి. ఒక మాట దగ్గర డిలిస్ తడబడి తల్లి నోటి వైపు చూసింది. నెస్టా నోరు పెద్దగా తెరిచి చూపించింది. పిల్ల అందుకుంది.

"మూడో ప్రైజు పిల్లకి, మొదటి ప్రైజు నీ మూతికి ఇవ్వాలే," అంది కాత్రిన్ పిన్ని మోచేత్తో పొడిచి. "నోరు నొప్పెట్టలేదూ?"

మూడో ప్రైజే వచ్చింది. తను కుట్టిన సంచీ తన పిల్ల మెడలో పడింది. డిలిస్ వచ్చి ఒళ్ళో కూర్చుని సంచీ వాసన చూసింది.

మూడు గంటలకి పట్నం నుంచి వచ్చిన న్యాయనిర్ణేత లేచారు. రెవరెండ్ మోస్టిన్ గారు. సన్నటి మనిషి, తీయటి గొంతు. జేబులోంచి కాగితాలు తీసి సర్దుకున్నారు. మందిరం అంతా ఒక్కసారి ముందుకి వంగింది. ఈ ఘట్టం కోసం పద్యాలంటే గిట్టనివాళ్ళు కూడా వస్తారు. తీర్పులో తిట్లు తినే మనిషి ఆ బల్లల మీదే ఎక్కడో కూర్చుని ఉంటాడు. తనది కానట్టు ముఖం పెట్టి, అందరితో పాటు నవ్వాలి. ఆ ముఖాన్ని పట్టుకోవడంలోనే ఊరికి సగం వినోదం.

"ఎనిమిది పద్యాలు వచ్చాయి," అన్నారు మోస్టిన్ గారు. "రెంటిని పద్యాలనడం పద్యాలకి అవమానం. 'కొండగాలి' అనే ఆయనకి గాలి ఉంది గానీ కొండ లేదు."

నవ్వులు. వెనక ఎవరో దగ్గారు. నాలుగైదు తలలు అటు తిరిగాయి.

అలా అడుగు నుంచి పైకి ఒక్కొక్కరిదీ ఒలిచి పెడుతూ వచ్చారు. నెస్టా డిలిస్ జడ విప్పి మళ్ళీ అల్లుతోంది. అయిదు అయ్యాయి. తన పేరు రాలేదు. అంటే పైకి వెళుతున్నట్టే.

"ఇక 'తుంగపోచ'." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "యతి తప్పలేదు, ప్రాస తప్పలేదు. అందుకు ఒప్పుకుంటాను. బిడ్డ చనిపోయిన ఇంట్లో పొయ్యి మీద రాశారు. ఆ రాత్రి పొయ్యి పక్కన రొట్టెపిండి పులియబెట్టారట. తెల్లారేసరికి బిడ్డ పోయాడు. వినండి."

చదివారు.

"దీపం ఆరిన పొద్దున
పిండి మాత్రం పొంగింది.
దానికెవరూ చెప్పలేదు."

ఒక్క క్షణం ఎవరూ నవ్వలేదు. ఆ క్షణంలో నెస్టాకి, అయిపోయింది, అందరికీ తెలిసింది, ఇక పరవాలేదు అనిపించింది.

"బాగానే ఉంది కదా? ఉండండి. ఆ తరువాత ఏమైందో తెలుసా? ఆ తల్లి ఆ పిండిని కాల్చింది! కాల్చి, తిన్నారు!" ఆయన చేతులు చాచారు. "వెన్న కూడా రాసుకున్నారా అని అడగాలనిపించింది నాకు."

మందిరం గొల్లుమంది. పై మేడలో ఎవడో బల్ల చరిచాడు. కాత్రిన్ పిన్ని కూడా భుజాలు ఊగేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగింది. చేతికున్న తొడుగు వేళ్ళు ఒక్కొక్కటే లాగి సరిచేసుకోవడం మొదలుపెట్టింది.

నెస్టా జడ అల్లడం ఆపలేదు. నవ్వాలి. పెదాలు సాగదీసింది. కాత్రిన్ పిన్ని వైపు చూడకుండానే ఆమె ఊపిరి మారడం వినిపించింది. ఆ పొద్దున పిల్లాడికి స్నానం చేయించింది ఈవిడే. స్నానం అయ్యాక పొయ్యిలోంచి రొట్టె తీసి, కోసి, వెన్న రాసి, "తినండర్రా, ఇవాళ చాలా పనుంది, నిలబడాలి మీరు" అని ఇద్దరి చేతుల్లో పెట్టిందీ, తను రెండు ముక్కలు తిన్నదీ ఈవిడే.

"కడుపుకోత ఎరిగిన తల్లికి పిండి కనిపిస్తుందా?" మోస్టిన్ గారి గొంతు ఇప్పుడు ప్రసంగానికి ఎక్కింది. "చెంచాలు కనిపిస్తాయా? ఈ పద్యంలో కన్నీటి చుక్క లేదు. వంటింటి సామాను ఉంది. ఇది రాసింది మగవాడు, అనుమానం లేదు. బిడ్డల్ని ఎత్తుకోని మగవాడు. దుఃఖాన్ని ఎరువు తెచ్చుకున్నాడు. ఎరువు తెచ్చుకున్న కోటులాగే అది భుజాల దగ్గర పట్టలేదు."

అప్పుడు నెస్టా తల తిప్పింది. ఎందుకు తిప్పిందో ఆమెకే తెలియదు. తలుపు దగ్గర మగవాళ్ళ మధ్య ఇద్వాల్ నిలబడి ఉన్నాడు. నవ్వడం లేదు. టోపీని రెండు చేతుల్లో పట్టుకుని, కళ్ళార్పకుండా ఆమెనే చూస్తున్నాడు.

కుర్చీ 'ఏకాకి'కి వచ్చింది. ఆ పద్యంలోనూ ఒక కొండ ఇల్లు, ఒక పోయిన బిడ్డ. తల్లి గుండెలు బాదుకుంటుంది, దేవదూతలు కిటికీ దగ్గర నిలబడతారు, నీలం పూల గడియారం ఆ ఘడియ దగ్గర ఆగిపోతుంది. "ఈ తల్లి కేక మీకు వినిపించడం లేదూ?" అని అడిగారు మోస్టిన్ గారు. ముందు వరసల్లో చేతిరుమాళ్ళు బయటికొచ్చాయి.

నీలం పూల గడియారం నెస్టా వాళ్ళ పెన్రాల్ట్‌లో ఉంది. ఊళ్ళో మరెక్కడా లేదు.

బూర ఊదారు. 'ఏకాకి' లేచి నిలబడాలని పిలిచారు. బెబ్ మేష్టారు కాసేపు కూర్చునే ఉండి, తరువాత లేచారు. మొహమాటం ఎంతసేపు ఉండాలో ఆయనకి అలవాటే. వేదిక మీదికి నడిపించి, కొత్త కుర్చీ ముందు నిలబెట్టి, ఆనవాయితీ ప్రకారం తల మీద పెద్ద కత్తిని సగం ఒరలోంచి లాగి మూడుసార్లు అడిగారు.

"శాంతి ఉందా?"

"శాంతి!" అంది మందిరం.

"శాంతి ఉందా?"

"శాంతి!"

మూడోసారి డిలిస్ కూడా అరిచింది. నెస్టా పెదాలు మాత్రమే కదిలాయి.

టీ పక్క హాల్లో. నెస్టా నేరుగా వంటగదిలోకి వెళ్ళి, కోటు విప్పి, వేడినీళ్ళ తొట్టెలో చేతులు మోచేతుల దాకా ముంచింది. వంద కప్పులు. ఎవరూ ముఖం చూడని పని అదొక్కటే. పక్కన కాత్రిన్ పిన్ని తుండుతో తుడుస్తోంది.

"ఆ తుంగపోచ ఎవడై ఉంటాడే?" అంది కొట్టు బ్లోద్వెన్, ఎండుద్రాక్ష రొట్టెకి వెన్న రాస్తూ.

"ఎవడేంటి, ఎవతో!" అంది ఇంకొకామె. "మగాడికి పిండి పొంగడం ఏం తెలుస్తుందే? తినడం తెలుస్తుంది."

"ఆడదైతే మరీ సిగ్గుచేటు. బిడ్డ శవం ఇంట్లో ఉండగా పొయ్యి రాజేస్తుందా? అది మనిషేనా?"

"మన వైపు ఈ నాలుగైదేళ్ళలో బిడ్డ పోయినవాళ్ళు ఎవరున్నారు చెప్మా..."

కత్తి రొట్టె మీద ఆగింది. నెస్టాకి వీపు మీద వాళ్ళ చూపులు తెలిశాయి. కప్పుని తొట్టె అడుగున గట్టిగా పట్టుకుంది. కాత్రిన్ పిన్ని నోరు తెరుస్తుందని, 'ఆ రొట్టె నేనూ తిన్నానే, నేనే కోసి పెట్టాను' అంటుందని, ఒక్క మాట చాలని ఎదురుచూసింది. కాత్రిన్ పిన్ని తుడిచిన కప్పునే మళ్ళీ తుడిచింది.

అప్పుడు హాలు వైపు పెద్ద నవ్వు లేచింది. వంటగదికీ హాలుకీ మధ్య కప్పులు అందించే కిటికీ ఉంది. ఆడవాళ్ళంతా అక్కడికి చేరారు. నెస్టా కూడా చూసింది.

ఓడిన పద్యాలు సెక్రటరీ బల్ల మీద పేర్చి ఉంచుతారు. ఎవరూ చూడనప్పుడు ఎవరిది వాళ్ళు తీసుకుపోతారు, లేదా వదిలేస్తారు. అలాంటి బల్ల ముందు, అందరి నడుమ, టోపీ చేత్తో పట్టుకుని ఇద్వాల్ నిలబడ్డాడు.

"ఏదీ, మళ్ళీ చెప్పు!" అంటున్నాడు సెక్రటరీ.

"తుంగపోచ. అది నాదండి. ఇచ్చేస్తే పట్టుకుపోతా."

"ఓరి నీ ఇల్లు బంగారం కానూ! నువ్వా!"

మోస్టిన్ గారు టీ కప్పుతో అక్కడికొచ్చారు. ముఖం వెలిగిపోతోంది. "నేను చెప్పలేదూ! మగవాడని చెప్పలేదూ!" ఇద్వాల్ భుజం తట్టారు. "ఏమనుకోకు బాబూ. చేతిలో పనితనం ఉంది నీకు. ఏం చేస్తుంటావ్?"

"గొర్రెలు కాస్తానండి."

"మరింకేం! గొర్రెల మీద రాయి. నీకు తెలిసిన దాని మీద రాయి. ఆడవాళ్ళ కన్నీళ్ళు మనకి అందవు."

"చిత్తమండి," అన్నాడు ఇద్వాల్ నేల చూస్తూ.

"తుంగపోచా, వెన్న కావాల్రా?" అని వెనకనించి కేక. హాలు మళ్ళీ నవ్వింది. వంటగదిలో బ్లోద్వెన్ ఊపిరి వదిలింది. "హమ్మయ్య, ఇద్వాలా! పిచ్చి సన్నాసి. ఏమే నెస్టా, నీకు చెప్పకుండానే రాశాడా? ఇంటి సంగతులు ఇలా వీధిన పెడితే నువ్వు ఊరుకోకూడదు."

వెళ్ళాలి. నాలుగు అడుగులు. తలుపు తీసి, తడి చేతులతోనే వెళ్ళి, నాది అనాలి. నెస్టా కిటికీ దగ్గరే నిలబడింది. చేతుల్లోంచి నీళ్ళు కారి బూట్ల మీద పడుతున్నాయి. అంతలో బల్ల దగ్గరికి బెబ్ మేష్టారు వచ్చి, సెక్రటరీ చేతిలోని కాగితం తీసుకుని చూశారు. ఒక పంక్తి చదివేంత సేపు కూడా కాదు. తల ఎత్తి, నేరుగా వంటగది కిటికీ వైపు చూశారు. ఆయన కళ్ళు ఆమె కళ్ళని కలిసి, వెంటనే కాగితం మీదికి దిగిపోయాయి.

"ఇది రెండ్రోజులు నా దగ్గరుంచుతాను ఇద్వాల్," అన్నారు మడత పెడుతూ. "పేపరుకి పండుగ సంగతులు రాయాలి కదా. తెచ్చిస్తాలే."

అంటించిన చిన్న కవరు ఒక్కటే ఇద్వాల్ చేతికొచ్చింది.

కొండదారిలో ఇంకా వెలుగుంది. వాన తెరిపిచ్చింది. డిలిస్ తండ్రి భుజం మీద నిద్రపోయింది. మెడలో సంచీ అతని వీపు మీద ఊగుతోంది. రెండో గేటు దాటారు.

"నీకెలా తెలిసింది?" అంది నెస్టా.

"తిన్నవాణ్ణి కదా."

కొంత దూరం నడిచారు.

"ఎందుకు చేశావ్?"

"నిన్ను చూడ్డం మొదలెట్టారు. తలుపు దగ్గర మగాళ్ళు కూడా లెక్కలేస్తున్నారు, ఎవరింట్లో ఎవరు పోయారని. నన్నంటే ఏముంది, నవ్వుకుంటారు, పోతారు. నిన్నయితే నవ్వరు."

"తెలుసు." బురద గుంట దాటి, మళ్ళీ అంది. "కానీ ఇద్వాల్, ఇప్పుడది మగాడు రాసిందే అయిపోయింది. ఆయన చెప్పిందే నిజమైంది. ఎరువు తెచ్చుకున్నదే అయింది. మనం ఆ పొద్దున అలా లేనే లేమన్నమాట."

ఇద్వాల్ నిలబడిపోయాడు. పిల్లని ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. తను చేసిన పనికి ఇటు వైపు ఒకటుందని అతనికి అప్పటిదాకా తట్టలేదు.

"నాకు చదివి వినిపించాల్సింది," అన్నాడు చివరికి.

"ఏడుస్తావని."

"ఏడిస్తే ఏం?"

నెస్టా మూడో గేటు గొళ్ళెం తీసింది.

మంగళవారం పొద్దున గేటు స్తంభం మీద క్యాబేజీ ఆకులో చుట్టిన వెన్నముద్ద ఉంది. ఇద్వాల్ దాన్ని కుక్కకి విసిరి, చేతులు గడ్డికి రుద్దుకుని, మందలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు ముగ్గురు మనుషులు ఆ దారిన పోతూ, తుంగపోచా అని కేకేశారు. ముగ్గురికీ అతను చెయ్యి ఊపాడు. ఆ రాత్రి భోజనం దగ్గర రొట్టె ముట్టుకోలేదు, బంగాళాదుంపలే తిన్నాడు. నెస్టా చూసింది.

బుధవారం రొట్టెలు కాల్చే రోజు. నెస్టా మొదటి విడత పొయ్యిలోంచి తీస్తుండగా బెబ్ మేష్టారు గుమ్మంలో కనిపించారు. పండుగ సెలవులు కాబట్టి బడి లేదు. ఆయన నల్లకోటు మీద కొండ ఎక్కిన ఆయాసం, ముఖం మీద మంచిపని చెయ్యబోయే మనిషి నెమ్మది.

"కూర్చోండి మేష్టారూ."

ఆయన కూర్చుని, పద్యం మడత విప్పి, నూనెగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టారు. "పలక మీద నేను దిద్దించిన రాత, నాకు తెలియదా నెస్టా?"

"సోమవారమే తెలిసిందిగా మీకు."

"తెలిసింది."

"అనలేదే?"

"ఎలా అంటాను? ఇద్వాల్ నీ కోసం అంత పని చేశాడు. చెడగొట్టమంటావా? ఎవరికీ చెప్పను. అది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. మంచి పద్యం. నీలో ఇది ఉందని నాకు తెలియలేదు." ఒక కృతజ్ఞత మాట కోసం ఆగారు.

నెస్టా రొట్టెని గుడ్డలో తలకిందులు చేసి, అడుగున వేలితో తట్టి చూసింది. ఉడికింది. "పేపరుకి పంపేశారా?"

"ఈ సాయంత్రం బస్సుకి ఇస్తాను. ఇదిగో, జేబులోనే ఉంది."

"నా సంగతి ఏం రాశారో చదవండి."

ఆయన ఇబ్బందిగా కాగితం తీశారు. "'తుంగపోచ అనే మారుపేరుతో రాసిన పెన్రాల్ట్ ఇద్వాల్ గారి పద్యం కొంత నవ్వు పుట్టించింది...' ఇది ఊరికే, రెండు ముక్కలు."

"మార్చండి."

"నెస్టా..."

"నా పేరు రాయండి."

ఆయన కాగితం కింద పెట్టి, బళ్ళో మొండిపిల్లకి నచ్చచెప్పేటప్పటి గొంతు తెచ్చుకున్నారు. "విను తల్లీ. ఆ పేపరు నాలుగు లోయల్లో చదువుతారు. మగాడు రాశాడంటే నవ్వుతారు, వచ్చేవారం మరిచిపోతారు. నువ్వు రాశావంటే, నువ్వు చేశావని అర్థం. ఏమనుకుంటారు? సెప్టెంబరులో డిలిస్ బడికి రావాలి. పిల్లలు ఊరుకుంటారా? శవం పక్కన వాళ్ళమ్మ రొట్టె కాల్చిందని దాన్ని పట్టుకుని ఏడిపించరా? నేను ఎంతమంది నోళ్ళు మూయగలను?"

నెస్టా చూపు లోపలి గది తలుపు మీదికి పోయింది. రెండు రోజులుగా తను రాత్రీ పగలూ అనుకుంటున్నదే ఆయన అన్నారు. బడి ఆవరణలో పిల్లలు గుండ్రంగా చేరడం, మధ్యలో గౌను అంచు పట్టుకుని డిలిస్, అన్నీ ముందే చూసింది. ఊరుకుంటే ఎంత సులువో కూడా చూసింది. చేతిలో రొట్టె వేడికి చెయ్యి కాలుతుంటే బల్ల మీద పెట్టింది.

"మీ పద్యంలో గడియారం ఆగిపోయింది," అంది.

"అది... ఒక అలంకారం."

"అది మాదేగా? నీలం పూలది?"

మేష్టారు గోడ వైపు చూడలేదు. అది ఆయన తల వెనకాలే కొట్టుకుంటోంది.

"అది ఆగలేదు మేష్టారూ. గంటకోసారి మందు పొయ్యమన్నాడు డాక్టరు. దాన్ని చూస్తూనే నాలుగు రోజులు పోశాను. వాడు పోయాక కూడా గంట కాగానే లేచి చెంచా తీశాను. ఆగి ఉంటే బాగుణ్ణు." ఆమె గొంతు పెరగలేదు. "వాడు పోయిన మూడో రోజున మీరు పూలు తెచ్చారు. ఆ కుర్చీలోనే కూర్చున్నారు. నేను గుండెలు బాదుకున్నానా?"

"లేదు," అన్నారాయన.

"ఏం చేశాను?"

"టీ ఇచ్చావు."

"మరి మీ పద్యంలో ఆ కేక ఎవరిది?"

ఆయన వేళ్ళు నూనెగుడ్డ మీద చిన్న చిరుగుని సరిచేస్తున్నాయి. బయట బూట్ల చప్పుడు వినిపించినా నెస్టా తల ఎత్తలేదు. ఇద్వాల్ గుమ్మం దాకా వచ్చి, మేష్టారిని చూసి, అక్కడే తలుపు చట్రానికి ఆనుకుని నిలబడ్డాడు.

నెస్టా రొట్టె కోసింది. ఇంకా పొగలు వస్తున్నాయి, కత్తికి అంటుకుంటోంది, అప్పుడే కొయ్యకూడదు. అయినా కోసింది. ఒక ముక్క మేష్టారి ముందు పెట్టింది, ఒకటి గుమ్మంలో నిలబడ్డవాడికి చెయ్యి చాచి ఇచ్చింది. ఇద్వాల్ ముక్క తీసుకుని చూసి, ఉత్తదే కొరికాడు. నమిలాడు. ఆ చప్పుడు తప్ప గదిలో ఇంకేం లేదు, గడియారం తప్ప.

బెబ్ మేష్టారు ముక్క ముట్టుకోలేదు. కలం మూత తీశారు.

"ఏమని రాయమంటావ్?"

"ఆ రెండు ముక్కలూ కొట్టెయ్యండి. 'తుంగపోచ అనే మారుపేరుతో రాసింది.' రాశారా? 'రాసింది. పెన్రాల్ట్ నెస్టా.'"

"కొంచెం నిదానంగా చెప్పు."

ఒకప్పుడు ఆయన చెప్పినట్టే, ఒక్కో మాటా రెండేసిసార్లు చెప్పింది. ఆయన నెత్తి మీద జుట్టు పల్చబడింది.

"కింద మూడు పంక్తులు. పద్యంలోవే."

"పిండి సంగతి కూడానా?"

"అదే."

"వాటి పైన వాడి పేరు రాయండి," అన్నాడు ఇద్వాల్ గుమ్మంలోంచి, నోట్లో రొట్టెతోనే. "'ఆలెడ్‌కి' అని."

రెండేళ్ళ తరువాత ఆ ఇంట్లో ఆ పేరు. నెస్టా బల్ల అంచు పట్టుకుంది. మేష్టారు రాశారు. ఇక చెప్పమన్నట్టు తల ఎత్తారు.

"దీపం ఆరిన పొద్దున," అంది నెస్టా. "దీపం ఆరిన పొద్దున. పిండి మాత్రం పొంగింది. పిండి మాత్రం..."

లోపలి గదిలో డిలిస్ దగ్గింది.

నెస్టా ఆగిపోయింది. ఆమె చెయ్యి తనంతట తానే చెంచా దాకా వెళ్ళి ఆగింది. గుమ్మంలో నమలడం ఆగింది. కాగితం మీద కలం కూడా ఎత్తినది ఎత్తినట్టే ఆగి ఉంది. ముగ్గురూ రెండో దగ్గు కోసం విన్నారు. గడియారం ఒకటి, రెండు, చాలాసార్లు కొట్టుకుంది.

రాలేదు.

"దానికెవరూ చెప్పలేదు," అంది నెస్టా. మళ్ళీ ఒకసారి, నిదానంగా, "దానికెవరూ చెప్పలేదు."